టెక్సాసా, న్యూజెర్సీయా? మా చెల్లి అడిగింది, నేను చెప్పింది

పోయిన నెల చెల్లి ఫోన్ చేసింది. మా మరిదికి రెండు ఆఫర్లు వచ్చాయట, ఒకటి టెక్సాస్‌లో డాలస్ పక్కన ప్లేనోలో, ఇంకోటి న్యూజెర్సీలో, మా ఇంటికి అరగంట దూరంలో. జీతం ఇంచుమించు ఒకటే. "అక్కా, నువ్వు రెండు చోట్లా ఉన్నావు కదా, ఎక్కడ సేఫ్? పిల్లతో ఎక్కడ బాగుంటుంది?" అని అడిగింది. నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఆరేళ్లు ఉండి, ఇప్పుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాను. ఈలోపే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పంచాయితీ మొదలైంది. ఒక అన్నయ్య "బ్లూ స్టేట్లకు అస్సలు వెళ్లొద్దు, అక్కడ దొంగల్ని వదిలేస్తారు" అంటాడు, ఇంకొకడు "టెక్సాస్‌లో అందరి నడుముకీ తుపాకీ ఉంటుంది" అంటాడు. ఇద్దరూ టీవీలో చూసిందే చెబుతున్నారు. ఇది మా చెల్లి బతుకు విషయం కాబట్టి నేను కూర్చుని లెక్కలు తీశాను.

మన దగ్గర ఎరుపంటే కమ్యూనిస్టులు, అమెరికాలో మాత్రం రిపబ్లికన్లు గెలిచే రాష్ట్రాలను రెడ్ అంటారు, డెమోక్రాట్లు గెలిచేవాటిని బ్లూ అంటారు. టెక్సాస్ రెడ్, న్యూజెర్సీ బ్లూ.

ముందు నేరాల సంగతి. రెండు రాష్ట్రాల్ని పోల్చాలంటే హత్యల లెక్క ఒక్కటే కాస్త నమ్మదగ్గది. దొంగతనం, కొట్లాట లాంటివి ఫిర్యాదు చేస్తేనే, పోలీసులు రాసుకుంటేనే లెక్కలోకి వస్తాయి. మన దేశంలో కేరళలో కేసులు ఎక్కువ కనిపిస్తాయి, అక్కడ జనం స్టేషన్‌కి వెళ్తారు, కేసు కూడా కడతారు. అమెరికాలో 2021లో ఎఫ్‌బీఐ లెక్క తీసే పద్ధతి మార్చితే న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ పోలీసులే ఆ ఏడాది వివరాలు పంపలేదు, అలాంటి పట్టిక చూసి గొడవ పడితే ఏం లాభం? చావు మాత్రం దాగదు, ఆరోగ్య శాఖ ప్రతి చావునీ రాస్తుంది. ఆరోగ్య శాఖ 2021 లెక్కల ప్రకారం లక్ష మందికి హత్యలు టెక్సాస్‌లో సుమారు 8, న్యూజెర్సీలో 5 లోపు. ఆత్మహత్యలు, ప్రమాదాలు కూడా కలిపి తుపాకీ వల్ల పోయిన ప్రాణాలు చూస్తే టెక్సాస్‌లో 15 పైన, న్యూజెర్సీలో 5 చిల్లర. అంటే మూడు రెట్లు.

ఇది చూపించి బ్లూ గెలిచిందని అనేస్తే అదీ తప్పే. అదే ఏడాది బ్లూ రాష్ట్రమైన న్యూ మెక్సికోలో హత్యలు లక్షకు 15, ఇల్లినాయ్‌లో 12. రెడ్ రాష్ట్రాలైన ఐడహో, యూటాల్లో 3 లోపు. మిసిసిపీలో 20 దాటింది, అదీ రెడ్డే. రంగు ఒక్కటే కారణమైతే ఇలా ఉండదు. పేదరికం, తుపాకులు ఎంత సులువుగా దొరుకుతాయి, ఏ పేటని ఎన్నేళ్లు గాలికి వదిలేశారు, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి.

"రాష్ట్రం రెడ్ అయినా నేరాలు జరిగేది డెమోక్రాట్ మేయర్లున్న సిటీల్లోనే కదా" అని మా అన్నయ్య వాదన. పెద్ద సిటీల్లో నేరం ఎక్కువన్నది నిజం, కానీ మేయర్ పార్టీతో దాన్ని ముడిపెట్టలేం. డాలస్ మేయర్ ఎరిక్ జాన్సన్ డెమోక్రాట్‌గా ఉండి గెలిచి 2023 సెప్టెంబర్‌లో రిపబ్లికన్ పార్టీలోకి మారాడు, ఆ మర్నాడు డాలస్ వీధుల్లో ఏం మారింది? న్యూయార్క్ సిటీలో 1990లో 2,200కి పైగా హత్యలు జరిగాయి. 2017 నాటికి అవి 292కి వచ్చాయి. 1990కి, 2017కి మధ్య రెండు పార్టీల మేయర్లూ, ఏ పార్టీకీ చెందని మేయరూ పనిచేశారు. న్యూజెర్సీలోనే క్యామ్‌డెన్ అనే ఊరుంది, 80 వేలు కూడా లేని జనాభా, 2012లో 67 హత్యలు. ఎడిసన్ నుంచి కారులో గంటలో వెళ్లిపోవచ్చు. 2013లో పాత పోలీసు శాఖని రద్దుచేసి కౌంటీ (మన జిల్లా లాంటిది) పోలీసుల్ని పెట్టి, వాళ్లని వీధుల్లో నడిపించాక అక్కడ హత్యలు బాగా తగ్గాయి. కాబట్టి చెల్లికి నేను మొదట చెప్పింది, ప్లేనో అయినా ఎడిసన్ అయినా రోడ్డు మీద నడిస్తే ఉండే భయం దాదాపు ఒకటే, రెండూ చదువుకున్న ఉద్యోగస్తులు ఉండే ఊళ్లు.

దొంగల్ని వదిలేస్తారన్న మాట బ్లూ రాష్ట్రమైన కాలిఫోర్నియా వల్ల వచ్చింది. అక్కడ 950 డాలర్ల లోపు దొంగతనాన్ని చిన్న నేరంగా చూస్తారు. టెక్సాస్‌లో ఆ గీత ఎక్కడుందో తెలుసా? 2,500 డాలర్లు! న్యూజెర్సీలో 200 దాటితే చాలు, పెద్ద నేరం కిందకి వస్తుంది. మా గ్రూపులో ఇది పెట్టాక ఎవరూ మాట్లాడలేదు. అన్నట్టు, కాలిఫోర్నియా ఓటర్లే 2024 నవంబర్‌లో దొంగతనాల శిక్షలు మళ్లీ గట్టిచేశారు.

మనవాళ్లకి అసలు ప్రమాదం వేరే ఉంది, బంగారం. మనం ఇంట్లో నగలు పెట్టుకుంటామని దొంగలకి బాగా తెలుసు. 2011 నుంచి 2014 వరకు ఒక ముఠా ఆసియా కుటుంబాల ఇళ్లనే ఎంచుకుని, లోపలికి చొరబడి, పిల్లల ముందే తల్లిదండ్రుల్ని కట్టేసి దోచుకుంది. వాళ్లు తిరిగిన రాష్ట్రాల్లో న్యూయార్క్ ఉంది, టెక్సాస్ ఉంది, జార్జియా, మిషిగన్ కూడా ఉన్నాయి. ముఠాని నడిపిన ఆవిడకి 2019లో 37 ఏళ్ల శిక్ష పడింది. ఆ దొంగలు రెడ్డా బ్లూనా చూడలేదు.

అయితే తేడా ఏమీ లేదని నేను అనను. రాష్ట్ర చట్టాలు మన ఇంట్లోకి వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి, అక్కడ తేడా చాలా ఉంది.

మొదటిది తుపాకీ. 2021 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు దాటి, చట్టం నిషేధించని ఎవరైనా లైసెన్స్ లేకుండానే తుపాకీ పెట్టుకుని తిరగొచ్చు. న్యూజెర్సీలో కొనాలంటేనే పోలీసుల దగ్గర అనుమతి తీసుకోవాలి. 2023 మే 6న డాలస్ పక్కన అలెన్ ఊళ్లోని అవుట్‌లెట్ మాల్‌లో 8 మందిని కాల్చి చంపారు, అందులో మన తెలుగమ్మాయి ఒకరు ఉన్నారు. నేను ఆ మాల్‌లో పిల్లల బూట్లు కొన్నాను. ఆ వారమంతా నాకు నిద్ర లేదు.

రెండోది కాన్పు, ఇది మా చెల్లికి అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే రెండో బిడ్డ కావాలనుకుంటున్నారు. 2022లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత టెక్సాస్‌లో గర్భస్రావం దాదాపు పూర్తిగా నిషేధం. తల్లి ప్రాణం మీదకి వస్తే మినహాయింపు ఉంది కానీ తప్పు చేశావని తేలితే డాక్టర్‌కి 99 ఏళ్ల దాకా జైలు, కనీసం లక్ష డాలర్ల జరిమానా. అంత భయం తల మీద ఉన్న డాక్టర్ రక్తం పోతున్న మనిషిని ఎంతసేపు చూస్తూ ఉంటుంది? నాకు ఇర్వింగ్‌లో ఉన్నప్పుడు, ఈ చట్టం రాకముందు, మూడో నెలలో గర్భం పోయింది. డాక్టర్ అదే మధ్యాహ్నం శుభ్రం చేసి ఇంటికి పంపింది. ఆ రోజు గంటలు గంటలు ఆగాల్సి వస్తే ఎలా ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. న్యూజెర్సీ 2022 జనవరిలోనే ఈ హక్కుని చట్టంగా రాసుకుంది. ఎవరి నమ్మకం ఏదైనా, బిడ్డని కోరుకునే ఆడమనిషికే ఇది ఎక్కువ అవసరమని నాకు నా ఒంటి మీద తెలిసింది.

మూడోది రోడ్డు, దీని గురించి ఎవరూ అడగరు. 2022లో టెక్సాస్ రోడ్ల మీద 4,400 మందికి పైగా పోయారు, న్యూజెర్సీలో 700 లోపు. జనాభా తేడా (3 కోట్లు, 93 లక్షలు) తీసేసినా దాదాపు రెండింతలు. టెక్సాస్‌లో 2000 నవంబర్ నుంచి రోడ్డు మీద చావు లేని రోజు ఒక్కటీ లేదు. మన పిల్లలకి జరిగిన ఘోరాల వార్తలు గుర్తు తెచ్చుకోండి, అందులో తుపాకీవి ఎన్ని, హైవేవి ఎన్ని.

ఆరోగ్య ఇన్సూరెన్స్ లేనివాళ్లు 2023 లెక్కల్లో టెక్సాస్‌లో 16 శాతానికి పైనే, దేశంలో అందరికంటే ఎక్కువ, ఇక్కడ న్యూజెర్సీలో 7 శాతం చిల్లర. ఉద్యోగం ఉన్నంతకాలం మనకి పట్టదు, లేఆఫ్ వచ్చిన రోజు పడుతుంది.

ఇక టెక్సాస్ గెలిచే చోట గట్టిగానే గెలుస్తుంది. రాష్ట్ర ఆదాయ పన్ను సున్నా, 2019లో ఓటర్లు రాజ్యాంగంలోనే రాసేసుకున్నారు. న్యూజెర్సీలో ఆదాయ పన్నూ కట్టాలి, పైగా ఇంటి పన్ను దేశంలోనే ఎక్కువ, సగటున ఏడాదికి పది వేల డాలర్లకి పైగా. టెక్సాస్‌లోనూ ఇంటి పన్ను తక్కువేం కాదు. కానీ ఇల్లు దొరుకుతుంది, నాలుగు గదులు, వెనక పెరడు, అమ్మానాన్నలొస్తే కింద ఒక గది. డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో 2000లో 34 వేల మంది కూడా లేరు, 2020కి 2 లక్షలు, అందులో మనవాళ్లు ఎంతమందో గుడికి వెళ్తే తెలుస్తుంది. నేనిక్కడ ఆ డబ్బుకి నలభై ఏళ్ల పాత ఇంట్లో ఉంటున్నాను, బేస్‌మెంట్‌లో తడి.

కరెంటు సంగతీ చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచు తుపానుకి ఇర్వింగ్‌లో మాకు రెండు రోజులు కరెంటు లేదు, నలుగురం ఒకే గదిలో దుప్పట్లన్నీ కప్పుకుని పడుకున్నాం, మంచు కరిగించి బాత్రూంలో పోశాం. ప్రభుత్వ లెక్కలోనే 246 మంది పోయారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఐడా తుపానుకి న్యూజెర్సీలో 30 మంది పోయారు, చాలామంది కార్లలోనే మునిగి. కాబట్టి ఇందులో ఎవరూ గొప్ప కాదు.

నా మాట చెల్లికి సూటిగానే చెప్పాను, న్యూజెర్సీకి రమ్మని. వీధిలో భయం గురించి కాదు, అది రెండు చోట్లా ఒకటే. కాన్పు, తుపాకీ, రోడ్డు, ఈ మూడిటి గురించి. రెండో బిడ్డ ఆలోచన లేకపోయి ఉంటే, ఇల్లు కొనడమే ముఖ్యమైతే, టెక్సాస్ వెళ్లమనేదాన్నేమో.

వాళ్లు ప్లేనోకే వెళ్తున్నారు. మరిదికి అక్కడ పని నచ్చింది, ఇల్లు కూడా చూసుకున్నారు. నేనేమీ అనలేదు, మూడు పనులు మాత్రం చేయమన్నాను. నగలు వెళ్లిన వారంలోనే బ్యాంకు లాకర్‌లో పెట్టేయాలి. పాపని ఆడుకోవడానికి ఎవరింటికి పంపినా ముందు "మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా" అని మొహమాటపడకుండా అడగాలి. బిడ్డ కడుపున పడిన రోజే నాకు చెప్పాలి, ఏ చిన్న తేడా వచ్చినా అదే రాత్రి ఫ్లైట్ ఎక్కి మా ఇంటికి వచ్చేయాలి. చెల్లి మూడిటికీ సరేనంది.