భోగి తలంటుకు వేడినీళ్లు లేవు: సోలార్ బ్యాటరీతో పాటు హీట్ పంప్ పెట్టించుకునేవారికి హెచ్చరిక

ఏ సంస్థో విడిగా చెప్పనక్కరలేదు. మా గుంటూరులో మేడ మీద సోలార్ పెట్టించుకోవాలని ఎవరు ఆరా తీసినా ముందుగా వినిపించే పేరే అది. ఆ పేరు చూసే నేనూ మరోచోట ధరైనా అడగకుండా పని అప్పగించాను. 3 కిలోవాట్ల ప్యానెళ్లు, 5 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టర్, 5 యూనిట్ల లిథియం బ్యాటరీ, 200 లీటర్ల హీట్ పంప్ వాటర్ హీటర్, అన్నీ కలిపి 5 లక్షల 20 వేల రూపాయలు. పీఎం సూర్య ఘర్ పథకం కింద రావలసిన 78 వేల సబ్సిడీ నా ఖాతాలో పడిన రోజునే, వారు అడగకముందే, చివరి వాయిదా కూడా చెల్లించేశాను. అంత తొందర ఎందుకు పడ్డానో తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తోంది.

రెండూ కలిపి పెట్టించుకోవడంలో నా లెక్క ఒకటుంది. 200 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 7 యూనిట్ల వేడి కావాలి. మామూలు గీజర్ ఆ 7 యూనిట్లనూ కరెంటు నుంచే తీసుకుంటుంది. హీట్ పంప్ చాలా భాగాన్ని గాలిలోని వేడి నుంచే లాక్కుంటుంది కనుక 2 యూనిట్లు, కాస్త అటూఇటూగా, సరిపోతాయి. మధ్యాహ్నం ఎండలో దాన్ని తిప్పి ట్యాంకు నింపి పెట్టుకుంటే ఆ ట్యాంకే ఒక బ్యాటరీ అవుతుంది. అసలు బ్యాటరీ రాత్రి ఫ్యాన్లకూ ఫ్రిజ్‌కూ మిగులుతుంది. ఎప్పుడైనా కరెంటు పోయి నీళ్లు చాలకపోతే హీట్ పంప్‌ను బ్యాటరీ మీదే నడుపుకోవచ్చు. ఇదంతా వారి ప్రతినిధికి మా హాలులో కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆయన మా ఇంటి టీ తాగుతూ, "అంతా ఒకే లైన్ మీద వస్తుంది సార్, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు. ఉన్నాను.

మొన్న భోగికి అక్కయ్య కుటుంబం, అల్లుడు, అమ్మాయి, పిల్లలు అందరూ వచ్చారు. ముందురోజు రాత్రి స్నానాలతో ట్యాంకు ఖాళీ అయింది. తెల్లవారుజామున 3 గంటలకు మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏదో కాలి కరెంటు పోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, దీపాలు వెలుగుతున్నాయి, నేను గర్వంగా అల్లుడికి ఇన్వర్టర్ చూపిస్తున్నాను. ఇంతలో బాత్రూంలోంచి అక్కయ్య కేక వినిపించింది. చన్నీళ్లు! హీట్ పంప్ తెర మీద ఒక్క అంకె కూడా లేదు. ఒంటికి నూనె పట్టించుకుని వరుసగా నిలబడిన పిల్లలకు చివరికి భోగిమంట పక్కనే మూడు ఇటుకలు పేర్చి, పాత ఇత్తడి గుండిగలో నీళ్లు కాచి పోశాము. 5 లక్షల 20 వేలు పెట్టి నేను కొనుక్కున్నది ఇటుకల పొయ్యి అన్నమాట.

పండుగ మూడు రోజులూ వారు ఫోను ఎత్తలేదు. ముక్కనుమ మర్నాడు ఎత్తిన ఆ ప్రతినిధి అన్న మాట ఇంకా నా చెవిలో మోగుతూనే ఉంది. "అంకుల్, మీరు బ్యాటరీ అడిగారు, పెట్టాము. హీట్ పంప్ అడిగారు, పెట్టాము. హీట్ పంప్ బ్యాటరీ మీద నడవాలని కాగితంలో ఎక్కడైనా ఉందా?" డబ్బు చేతికందే వరకు "సార్", అందిన తర్వాత "అంకుల్". నిజమే, కాగితంలో లేదు. వంటమనిషిని పెట్టుకుని అన్నం వండమని రాతపూర్వకంగా కోరకపోవడం నా తప్పే.

అసలు సంగతి ఆ తర్వాత వచ్చిన వారి ఎలక్ట్రీషియన్ నోటి వెంట బయటపడింది. హీట్ పంప్ కంప్రెసర్ ఒక కిలోవాట్ లోపే తీసుకుంటుంది కానీ దానిలో గీజర్‌లోలా నేరుగా నీళ్లు కాచే 2 కిలోవాట్ల కాయిల్ కూడా ఉంది. రెండూ ఒకేసారి పడితే, ఇంట్లో మిగిలినవి కూడా తోడై ఇన్వర్టర్ తట్టుకోలేదని, అందుకే దాన్ని కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద నడిచే బ్యాకప్ లైన్‌కు కలపవద్దని వారి సంస్థ యజమాని ముందే చెప్పాడట. 5 కిలోవాట్ల ఇన్వర్టర్ ఎందుకు తట్టుకోదని టార్చి వేసి దాని పక్కన సామర్థ్యం రాసి ఉన్న పట్టీ చదివాను. 3 కిలోవాట్లు. కొటేషన్‌లో 5, గోడ మీద 3. మరచిపోయి కలపకపోవడం కాదు, తెలిసే కలపలేదు. మూడు దశాబ్దాలు బ్యాంకులో ఇతరుల కాగితాల్లో కామాలు కూడా వదలకుండా చూసినవాణ్ణి, మా ఇంటి పని పూర్తయిందన్న పత్రం మీద కళ్లద్దాలు లేకుండా సంతకం చేశాను.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. కొటేషన్, ఇన్వర్టర్ పట్టీ ఫొటో జతచేశాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఈ పని పెట్టుకునేవారు బ్యాకప్ లైన్ మీద ఏమేమి నడవాలో పేరుపేరునా కొటేషన్‌లో రాయించుకోండి. బిగించాక మెయిన్ ఆపి, హీట్ పంప్ తిరిగాకే చివరి వాయిదా ఇవ్వండి. సబ్సిడీ ప్యానెళ్లకే గాని బ్యాటరీకీ హీట్ పంప్‌కూ వర్తించదు, ఎవరైనా వర్తిస్తుందని చెబితే నమ్మకండి. అన్నట్టు, వారు హీట్ పంప్ టైమర్‌ను తెల్లవారుజామున 4 గంటలకే వదిలేసి వెళ్లారు. ఎండ ఉండగా 11 గంటలకు మొదలయ్యేలా నేనే మార్చుకున్నాను. నాలుగు నిమిషాలు పట్టింది.