ఆటిజం ఉన్న చిన్నబిడ్డకు థెరపీ: వారానికి 40 గంటలా, ఇంట్లో రోజూ కొంచెమా? ఏది మేలు?

మా అబ్బోడికి రెండున్నరేళ్లప్పుడు ఆటిజం అని తేలింది. ఆ వారమే తిరుపతిలో ఒక థెరపీ సెంటర్‌కు వెళ్తే, "వారానికి 40 గంటలు చేయిస్తేనే ఫలితం ఉంటుందమ్మా, తక్కువ చేస్తే దండగ" అన్నారు. వేలూరులో చూపిస్తే డాక్టరమ్మ "ముందు మీరు నేర్చుకోండి, ఇంట్లో రోజూ చేయండి" అన్నారు. మా అత్త మాత్రం "వాళ్ల నాయన కూడా నాలుగేళ్లకు గానీ మాట్లాడలేదు, ఇంకొన్నాళ్లు చూద్దాం" అంది.

ఊరికే కాచుకోవడం గురించి ఎక్కువ చెప్పను. అది వద్దు. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కావాల్సినది వేలితో చూపించకపోవడం అనేవి ఒట్టి మాటల ఆలస్యం కాదు. ముందు చెవుల పరీక్ష చేయించండి. ఆటిజం సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగకుండా పని మొదలుపెట్టండి.

ఆ 40 అనే లెక్క 1987లో అమెరికాలో లోవాస్ అనే ఆయన ప్రచురించిన అధ్యయనంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. అంత థెరపీ అందుకున్న 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు ఒకటో తరగతి గట్టెక్కారు, వాళ్ల తెలివితేటల స్కోరు కూడా మామూలు స్థాయికి వచ్చింది. అది వింటే ఏ తల్లికైనా ఆశ పుడుతుంది. అయితే అందులో పిల్లల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీయలేదు. గట్టిగా అరిచి, తొడ మీద కొట్టి మాన్పించడం కూడా అప్పటి పద్ధతిలో ఉండేది. 2001లో అమెరికా నిపుణుల కమిటీ ఒకటి వారానికి కనీసం 25 గంటలు అంది. అది కూడా బిడ్డను బల్ల ముందు కూర్చోబెట్టే గంటలు మాత్రమే కాదు, బిడ్డ చురుగ్గా పాల్గొంటూ నేర్చుకునే సమయమంతా అందులోకి వస్తుంది.

2021లో 87 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం వచ్చింది. ఏడాదిపాటు కొందరికి వారానికి 15 గంటలు, కొందరికి 25 గంటలు ఇచ్చి చూశారు. మొత్తం మీద రెండు గుంపుల ఫలితాల్లో తేడా కనిపించలేదు. 2024లో 144 అధ్యయనాలను, 9,000 మందికి పైగా పిల్లల వివరాలను కలిపి చూసినా, గంటలు పెరిగితే ఫలితం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. థెరపీయే అక్కర్లేదని దీని అర్థం కాదు. 40 గంటలు చేయించలేకపోయామే అని ఏడ్చే అమ్మలు మాత్రం ఇది తెలుసుకోవాలి. నేనూ అలా ఏడ్చినదాన్నే.

మా లెక్క చెబుతాను. మాకు గంటకు 500 రూపాయలు చెప్పారు. 25 గంటలంటే వారానికి 12,500, నెలకు 50 వేలు. చంద్రగిరి నుంచి రోజూ రానూపోనూ వేరే. బిడ్డ మధ్యాహ్నం నిద్రపోయే వేళ ఆటోలో గడిచిపోతుంది. నిద్రలేని బిడ్డ ఏం నేర్చుకుంటాడు?

ఇంట్లో చేసే పద్ధతికీ ఆధారం ఉంది. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లల కుటుంబాలతో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలే శిక్షణ పొంది, ఆరు నెలల్లో 12 సార్లు తల్లిదండ్రులకు నేర్పించారు. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. అన్నీ మెరుగుపడలేదు, అదీ నిజమే.

మాకు నేర్పింది ఇది. అబ్బోడు స్టీలు మూతలు తిప్పుతుంటే లాక్కోవద్దు, పక్కన కూర్చుని నేనూ ఒకటి తిప్పాలి. స్నానం చేయించేటప్పుడు చెంబు ఎత్తి ఆపి, వాడు నావైపు చూసేదాకా ఆగి పోయాలి. సంగటి ముద్ద పెట్టేటప్పుడూ అంతే. వినడానికి సులువే. ఆ ఆగడం నాకు రావడానికి రెండు నెలలు పట్టింది.

దీనిలో కష్టం కూడా ఉంది. భారమంతా అమ్మ మీదే పడుతుంది. కూలికో, ఉద్యోగానికో పోయే అమ్మ ఏం చేయాలి? నాయన, అవ్వ కూడా నేర్చుకోవాలి. కనీసం పదిహేను రోజులకొకసారి చూసి సరిదిద్దే మనిషి ఉండాలి. "ఇంట్లో చేసుకోండి" అని చెప్పి వదిలేస్తే అది థెరపీ కాదు.

అందుకే మేము వారానికి మూడు గంటలు సెంటర్, మిగతాది ఇంట్లో అని పెట్టుకున్నాం. తల గోడకు కొట్టుకునే బిడ్డకు, తిండి నిద్ర అసలు కుదరని బిడ్డకు, పగలు చూసుకునేవాళ్లు లేని ఇంటికి ఎక్కువ గంటలే మేలు కావచ్చు. ఎన్ని గంటలైనా సెంటర్‌లో మూడు ప్రశ్నలు అడగండి: నన్ను లోపల కూర్చోనిస్తారా, బిడ్డ ఏడిస్తే ఏం చేస్తారు, మూడు నెలల్లో ఏం నేర్పుతారు? నన్ను లోపలికి రానివ్వని చోట నేనైతే బిడ్డను ఒక్క గంట కూడా వదిలిపెట్టి రాను.

డబ్బు దగ్గర ఆగిపోకండి. ప్రభుత్వ డీఈఐసీలో, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే జిల్లా కేంద్రంలో, థెరపీ ఉచితం. ఆటిజం లాంటివి ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీకీ అందులో కొంత భాగం వస్తుంది.

ఇప్పుడు వాడు మూత తెచ్చి నా చేతిలో పెట్టి, తిప్పమన్నట్టు చూస్తున్నాడు. సంక్రాంతికి ఈ పద్ధతి మొదలుపెట్టి మూడు నెలలు పూర్తవుతాయి. అప్పటికి నీళ్లు కావాలని చేత్తోనో మాటతోనో అడగడం రాకపోతే సెంటర్ గంటలు ఐదు చేద్దామని నేనూ మా ఆయనా అనుకున్నాం.