రాగి అలంబిక్కా, రాగి మెడ పెట్టిన స్టీలు కుండా: ఏది మేలు?

పాట్ స్టిల్ అంటే మద్యం కాచే కుండ. దాన్ని కొనేవాళ్లు ముందు పడిపోయేది దాని అందానికి. ఉల్లిగడ్డలా ఉబ్బిన రాగి తల, అక్కణ్ణుంచి హంస మెడలా వంగి కిందికి దిగే గొట్టం, ఆ ఎర్రటి మెరుపు. నేనూ అలాగే పడ్డాను. అలాంటి తల ఉన్న స్టిల్‌నే అలంబిక్ అంటారు, పది లీటర్ల రాగిది ఒకటి తెచ్చుకుని రెండేళ్లు దానితోనే తంటాలు పడ్డాను. ఇప్పుడది అలమరా పైన కూర్చుంది. పని చేసేది మాత్రం ముప్పై లీటర్ల స్టీలు కుండ. చూడ్డానికి పాల క్యాను మీద పొగగొట్టం నిలబెట్టినట్టు ఉంటుంది. ఎవరైనా వచ్చి స్టిల్ చూపించమంటే ఇప్పటికీ అలంబిక్కే చూపిస్తాను, అది వేరే సంగతి.

అసలు విషయంలోకి వెళ్లేముందు చట్టం సంగతి. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం కాచడం చాలా దేశాల్లో నేరం. అమ్మకపోయినా సరే, గ్లాసుడే అయినా సరే. న్యూజిలాండ్ 1996లో సొంత వాడకానికి అనుమతించింది. అలాంటి చోట్లు తక్కువే. మీరున్న చోట కుదరకపోతే ఇదే సామానుతో పువ్వుల నీళ్లు, సుగంధ తైలాలు తీసుకోవచ్చు. స్టిల్ దగ్గర ఉంచుకోవడానికే కొన్నిచోట్ల అనుమతి కావాలి, ముందే కనుక్కోండి.

పాట్ స్టిల్ చేసే పని చిన్నదే: పులిసిన ఊటను కాచి, వచ్చిన ఆవిరిని చల్లార్చి పట్టుకోవడం. ఆల్కహాల్ 78.4 డిగ్రీల దగ్గర, నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి కాబట్టి ముందు ఆల్కహాల్ అంతా వచ్చేస్తుంది, ఆ తర్వాతే నీళ్లు వస్తాయి అని చాలామంది లెక్క. అలా ఉండదు. పది శాతం ఆల్కహాల్ ఉన్న ఊట 92, 93 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అప్పుడు రెండూ కలిసే లేస్తాయి. ఆవిరిలో ఆల్కహాల్ పాలు ఎక్కువ, అంతే. అందుకే పాట్ స్టిల్‌లో సాధారణంగా రెండుసార్లు కాచాలి. మొదటిసారి ఘాటు పెంచడానికి, రెండోసారి మంచి భాగం విడదీయడానికి.

ఇక రాగి ఎందుకంత గొప్ప? పులిసేటప్పుడు ఈస్ట్ కొన్ని గంధకపు పదార్థాలు పుట్టిస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన, ఉడికి ఉడికి నీరసించిన క్యాబేజీ వాసన వాటివే. వేడి ఆవిరి రాగికి తగిలినప్పుడు ఆ గంధకం రాగిని పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. కాచడం అయ్యాక తల విప్పి లోపల వేలు పెట్టి తుడవండి, నల్లటి మసి అంటుకుంటుంది. అది సీసాలోకి రాకుండా ఆగిపోయిన వాసన. మొత్తం స్టీలుతోనే చేసిన స్టిల్‌లో ఒకసారి కాచి చూశాను. కంపు కొట్టిందని అనను గానీ, గ్లాసు ముక్కు దగ్గరకు తెస్తే అగ్గిపుల్ల గీసినట్టు ఒక చురుకు. అదే ఊట మిగతా సగం రాగిలో కాస్తే ఆ చురుకు లేదు. కాబట్టి మొత్తం స్టీలు అనే మూడో దారిని నేను లెక్కలోకే తీసుకోను.

మరి మొత్తం రాగే ఉంటే ఇంకా మంచిది కదా? నేనూ అలాగే అనుకున్నాను. అలంబిక్ మంచి పరికరమే, దాన్ని తక్కువ చేయడం లేదు. ఫ్రెంచి బ్రాందీ కోన్యాక్ కాచేది నేటికీ రాగి కుండల్లోనే, నేరుగా మంట మీదే, రెండుసార్లు. రాగి వేడిని స్టీలు కంటే ఇరవై రెట్లకు పైగా బాగా పాకిస్తుంది, కాబట్టి ఒకచోట మాడి ఒకచోట చల్లగా ఉండే గొడవ తక్కువ. పళ్ల ఊటను కొద్దికొద్దిగా, నింపాదిగా కాచేవాళ్లకు దానంత ముచ్చటైనది లేదు.

చిక్కంతా వాడకంలో. వారం పక్కన పెడితే లోపల ఆకుపచ్చ చిలుం. దాన్ని సిట్రిక్ యాసిడ్‌తో కడగాలి, లేదంటే తర్వాతిసారి మొదటి చుక్కలు నీలంగా వస్తాయి. తల, మెడ కలిసే అతుకులను ప్రతిసారీ పిండి ముద్దతో మూయాలి. మూతి ఇరుకు, లోపలికి చెయ్యి పట్టదు. మామూలు ఇండక్షన్ పొయ్యి మీద రాగి వేడెక్కదు కాబట్టి గ్యాసు మంటే గతి. వీటన్నిటికంటే నాకు విసుగు పుట్టించింది పరిమాణం. పది లీటర్ల కుండలో నురగ పొంగకుండా పోయగలిగేది ఏడు లీటర్లు. అందులో ఉండే ఆల్కహాల్ ఏడు వందల మిల్లీలీటర్లు. తొలి భాగం, చివరి భాగం తీసేశాక తాగదగిన ఘాటుకు నీళ్లు కలిపితే లీటరు దాటడం గగనం. దానికోసం రోజంతా నిలబడాలి.

ఆకారం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కొనేటప్పుడు ఎక్కువ మోసపోయేది అక్కడే. స్కాట్లాండ్‌లో విస్కీ చేసే గ్లెన్‌మొరాంజీ వాళ్ల స్టిల్స్ మెడలు 5.14 మీటర్ల ఎత్తు. బరువైన ఆవిరి అంత పైకి ఎక్కలేక మధ్యలోనే చల్లబడి కుండలోకి జారిపోతుంది, అందుకే వాళ్ల మద్యం తేలిగ్గా ఉంటుంది. మకాలన్ వాళ్లవి పొట్టి స్టిల్స్, వచ్చేది చిక్కటి మద్యం. ఇది నిజమే. కానీ ఆ ఆకారాన్ని గదిలో పట్టేంతకు కుదిస్తే గుణం కూడా కుదింపులో వెంట రాదు. కొలతలన్నీ పదో వంతు చేస్తే లోపలి ద్రవం వెయ్యో వంతుకు పడిపోతుంది, గోడల వైశాల్యం మాత్రం నూరో వంతు దగ్గరే ఆగుతుంది. అంటే లీటరు ఊటకు తగిలే రాగి పది రెట్లు, బయటి గాలికి పోయే వేడి కూడా ఆ లెక్కనే. చిన్న స్టిల్ ఏ ఆకారంలో ఉన్నా దానికి రాగి కొదవ లేదు. కాబట్టి కుండంతా రాగి అక్కర్లేదు, ఆవిరి నడిచే దారిలో అర మీటరో మీటరో రాగి గొట్టం ఉంటే ఇంటి మట్టుకు సరిపోతుంది.

గాలి సంగతి నాకు కళ్లారా తెలిసింది. అలంబిక్ నుంచి పెన్సిల్ ములుకంత ధార సాఫీగా వస్తోంది. ఉన్నట్టుండి సన్నబడి చుక్కలైంది. మంట చూస్తే అలాగే ఉంది. కాసేపటికి మళ్లీ ధార. మూడోసారి గానీ అర్థం కాలేదు: తెరిచిన కిటికీలోంచి గాలి ఆ ఉబ్బిన తలకు తగిలినప్పుడల్లా లోపలి ఆవిరి అక్కడే చల్లబడి వెనక్కి జారుతోంది. ఆవిరి బయటికి పోవాలి కాబట్టి కిటికీ మూయలేం. మధ్యలో ఒక రేకు నిలబెట్టాను. స్టీలు కుండ మెడకైతే చుట్టూ ఇన్సులేషన్ చుట్టేస్తే అయిపోతుంది, ఉల్లిగడ్డ తలకు అది నిలవదు.

ఆవిరిని చల్లార్చి ద్రవం చేసే భాగం కండెన్సర్. అక్కడ పోటీ ఇంకా రసవత్తరంగా ఉంటుంది. ఒకవైపు నీళ్ల తొట్టిలో చుట్టలు చుట్టిన రాగి గొట్టం, దీన్ని వార్మ్ అంటారు. రెండోవైపు గొట్టం లోపల గొట్టం పెట్టి, మధ్య సందులో నీళ్లు పారించే లీబిగ్ కండెన్సర్. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ పేరు ఉంది గానీ దాన్ని ఆయన కనిపెట్టలేదు, ప్రచారంలోకి తెచ్చాడు. రుచికి కండెన్సర్‌తో ఏం పని అనుకుంటే స్కాట్లాండ్‌లోని డాల్‌విన్నీ విస్కీ డిస్టిలరీ కథ వినాలి. 1986లో పాత వార్మ్ తొట్లు తీసేసి ఆధునిక కండెన్సర్లు పెట్టారు. మద్యం తేలికై, తన గుణం పోగొట్టుకుంది. 1995లో మళ్లీ తొట్లే పెట్టించారు. తొట్టిలో ఆవిరి త్వరగా ద్రవమైపోయి రాగితో గడిపే సమయం తగ్గుతుంది, కాబట్టి మద్యం కాస్త బరువుగా, ఘాటు వాసనతో వస్తుంది.

ఇంట్లో ఈ తేడా కంటే నీళ్ల తేడా పెద్దది. రెండు కిలోవాట్ల వేడి పెడితే దాదాపు రెండు కిలోవాట్లూ కండెన్సర్ లాగేయాలి. నీళ్లు ముప్పై డిగ్రీలు వేడెక్కి బయటికి వస్తాయనుకుంటే నిమిషానికి సుమారు లీటరు, గంటకు అరవై లీటర్లు పారాలి. వార్మ్‌కైతే పంపు అవసరం లేదు, అరవై లీటర్ల తొట్టి ఒక గంట మోస్తుంది. ఆ తర్వాత పైనున్న నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, కింద మాత్రం చల్లగానే ఉంటాయి. చల్లనీళ్లు ఎప్పుడూ అడుగున పోసి పైనుంచి పొర్లించాలన్నది అందుకే. ఆ చుట్టల్లో ఒక్కటి పైకి లేచినా ద్రవం అక్కడ నిలబడి, ధార గుటకలు వేస్తూ వస్తుంది. పైగా వార్మ్ లోపల ఏముందో కంటికి కనపడదు. లీబిగ్ తిన్నగా ఉంటుంది, ఒకవైపు నుంచి చూస్తే రెండోవైపు వెలుతురు కనిపిస్తుంది, బ్రష్ దూరుతుంది. పారే నీళ్లుంటే లీబిగ్, లేకపోతే వార్మ్. నా ఓటు లీబిగ్‌కే.

కుండకూ కండెన్సర్‌కూ మధ్య థంపర్, అంటే కొంచెం ద్రవం పోసి ఆవిరిని అందులోంచి పంపే ఇంకో పాత్ర, పెడితే ఒకే కాపులో రెండు కాపుల ఘాటు వస్తుంది. అది నిజమే, కానీ మొదటి స్టిల్‌కు వద్దు. అతుకులు పెరుగుతాయి, మంట ఆపేశాక చల్లబడి థంపర్‌లోది కుండలోకి వెనక్కి పీల్చుకునే ప్రమాదం పెరుగుతుంది.

ఏ డిజైన్ తీసుకున్నా కొన్నిటికి ఒప్పుకోకండి. సీసం కలిసిన టంకం ఉన్న అతుకు, పాత కారు రేడియేటర్, జింకు పూత రేకు: వీటిలోంచి వచ్చింది తాగితే విషమే. ఆవిరి దారిలో మూసే కవాటం ఎక్కడా ఉండకూడదు. స్టిల్ ప్రెషర్ కుక్కర్ కాదు, దాని ఒక కొస ఎప్పుడూ గాలికి తెరిచే ఉండాలి. పిండి ముద్దను ఎంత తిట్టుకున్నా దానికో సుగుణం ఉంది, లోపల ఒత్తిడి పెరిగితే ముందు ఊడేది అదే. మెథనాల్ విషయంలో ఏ డిజైనూ మిమ్మల్ని కాపాడదు. అది 64.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి మొదటి కొంచెం పారబోస్తే అంతా పోతుందన్నది అపోహ, పాట్ స్టిల్ దాన్ని అంత శుభ్రంగా విడదీయలేదు. ఏం పులియబెట్టారన్నదే ముఖ్యం, పారిశ్రామిక ఆల్కహాల్ జోలికి అసలే పోకూడదు. మంట సంగతి కూడా. నలభై శాతం మద్యం నుంచి లేచే ఆవిరికి నిప్పంటుకోవడానికి 26 డిగ్రీలు చాలు, పైగా ఆ మంట పగటి వెలుగులో సరిగ్గా కనపడదు. గ్యాసు మీద అలంబిక్ పెడితే పట్టే సీసా మంటకు రెండు మూడు అడుగుల్లోనే ఉంటుంది, నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ దూరమే. స్టీలు కుండ లోపల కరెంటు ఎలిమెంట్ బిగించుకున్నాక ఆ టెన్షన్ చాలా తగ్గింది. పిప్పి ఉన్న చిక్కటి ఊట మాత్రం ఎలిమెంట్‌కు అంటుకుని మాడుతుంది, వడకట్టే పోయాలి.

కాబట్టి లెక్క ఇలా తేలుతుంది. పళ్ల బ్రాందీ ఏడాదికి రెండు మూడుసార్లు, తోముకునే ఓపిక ఉంది అంటే అలంబిక్ తీసుకోండి, పదికి బదులు ఇరవై లీటర్లది. తరచుగా కాస్తాను, రకరకాలవి ప్రయత్నిస్తాను అంటే వెడల్పు మూతి స్టీలు కుండ, రెండంగుళాల రాగి మెడ, కొంచెం కిందికి వాలిన చెయ్యి (మెడ నుంచి కండెన్సర్‌కు వెళ్లే గొట్టం), దానికో లీబిగ్.

ఏది తెచ్చినా మొదట ఒకసారి నీళ్లు, వెనిగర్ కలిపి కాయండి. ఆ తర్వాత ఒక చవక ఊట కాచి, అందులో వచ్చిందంతా పారబోయండి. రాగి మీది నూనె, టంకం మీది ఫ్లక్స్ (టంకం అతకడానికి పూసే పదార్థం) అందులోకి దిగుతాయి. నా స్టీలు కుండ మొదటి కాపు బూడిదరంగులో, మెషిన్ ఆయిల్ వాసనతో వచ్చింది.