గాంధీ రోడ్డు టీపొడి కొట్టు: పొడి బాగుంది, బిల్లు మాత్రం అడిగి తీసుకోవాలి

తిరుపతి లీలామహల్ దగ్గర నాది చిన్న టీ బండి. రోజుకు కిలో పొడి పడుతుంది. గాంధీ రోడ్డు పక్క సందులో ఉన్న ఈ లూజు టీపొడి కొట్టుకు రెండేళ్లుగా వస్తున్నా. అంతకుముందు ఇంకోచోట చవగ్గా ఉందని ఐదు కిలోలు తెచ్చా. ఓ రోజు అనుమానమొచ్చి చిటికెడు చన్నీళ్లలో వేస్తే వెంటనే ఎర్రగా రంగు దిగింది. మంచి పొడి చన్నీళ్లలో అంత తొందరగా దిగదు. మిగిలిందంతా పారబోశా.

ఇక్కడ డబ్బాల మీద కూనూరు డస్టు, అస్సాం డస్టు అని రాసుంటుంది. డస్టంటే బాగా సన్నటి టీపొడి, కూనూరేమో నీలగిరిలో ఊరు. నేను మూడు వంతులు కూనూరు, ఒక వంతు అస్సాం కలపమంటా. వాసన కూనూరుది, రంగు అస్సాంది. పాలు ఎక్కువైనా టీ తేలిపోదు.

నా గొడవంతా రేటుతోనే. "ఏంది పెద్దాయనా, పోయిన వారం 320 అంటిరి, ఇప్పుడు 340 అంటారా?" అంటే ఆయన నవ్వి పొట్లాం కాగితం వెనకాల లెక్క గీసినారు. కిలో పొడికి దాదాపు నాలుగున్నర కిలోల పచ్చాకు కావాలంట. నీలగిరిలో చిన్న రైతు ఆకు ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ పొడి కూనూరు వేలానికి, అక్కణ్నించి హోల్‌సేలు, ఆ తర్వాతే ఈ కొట్టు. వేలం సగటు చూసి టీ బోర్డు నెలనెలా ఆకుకు కనీస ధర చెబుతుంది. అది కేంద్రం కింద ఉంది. రైతుల సహకార ఫ్యాక్టరీల సమాఖ్య ఇండ్‌కోసర్వ్ ఏమో తమిళనాడు సర్కారు కింద. ధర చెప్పేది ఒకరు, ఫ్యాక్టరీ నడిపేది మరొకరు. 2024లో డస్టంతా వేలంలోనే అమ్మాలని కేంద్రం ఉత్తర్వు వేసింది, అదీ అస్సాం, బెంగాల్ వైపుకే. నా పొట్లంలో రెండు రకాలూ కలిసే ఉంటాయి, వాటి రూల్సు మాత్రం వేరు!

ఆయన చెప్పింది అర్థమైంది గానీ, గ్లాసు టీ మీద నేను రూపాయి పెంచితే మా కూలీలు పక్క బండికి పోతారు. రేటు మారేటప్పుడు ముందురోజు ఫోన్ చేయమన్నా. ఒప్పుకున్నారు, రెండుసార్లు మర్చిపోయారు కూడా.

బిల్లు అడిగితేనే ఇస్తారు. ఆదివారం మధ్యాహ్నం మూత. పావుకిలో అడిగినా విసుక్కోరు, ముందు అంత తీసుకుని ఇంట్లో కాచి చూడండి.