అంతస్తు, మజలా, ఫ్లోర్: ఇంటి జాడ చెప్పాలంటే ఏది మేలు?

మహారాష్ట్రల తెలంగాణ సరిహద్దు కాడున్న మా ధర్మాబాద్ వైపు ఇంట్ల తెలుగు, బజార్ల మరాఠీ, కాయిదాల మీద ఇంగ్లీషు, అందుకే ఒక్క బిల్డింగుకు మూడు తీర్ల లెక్క నడుస్తది. కిరాయికి ఇల్లు చూసేటోళ్లకు ఇది చిన్న సంగతి కాదు, ఇంట్ల మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషి ఉంటే ఎన్ని మెట్లెక్కాలె అన్నదే మొదటి ప్రశ్న.

బిల్డింగ్ ఎంత ఎత్తుందో చెప్పనీకి అంతస్తును మించింది లేదు. మూడంతస్తుల ఇల్లు అంటే కిందిది కలుపుకొని మూడు, బిల్డర్లు చెప్పే జీ ప్లస్ టూ అదే. కానీ "రెండో అంతస్తుల ఉంటం" అన్నప్పుడే తకరారు, కొందరు నేల మీదిదాన్నే ఒకటోది అంటరు, కొందరు దాన్ని లెక్కల వట్టకుండ పైదానికెళ్లి మొదలువెడ్తరు, ఇగ గ్యాస్ బండ తెచ్చినోడు ఎటు పోవాలె చెప్పుండ్రి. హోదాకు కూడా ఇదే మాట, అంతస్తుకు తగ్గ సంబంధం అంటం కదా, ఆ వాడుక నాకు చాలా ఇష్టం. రాసేటప్పుడు మాత్రం థ పెట్టొద్దు, అంతస్థలంటే వ్యాకరణంల య ర ల వ.

జాడ చెప్పనీకి మరాఠీ మజలా సాఫ్‌గ ఉంటది, కిందిది తళమజలా, దాని మీదిది పహిలా మజలా. ఇది అరబ్బీ మంజిల్ నుంచి వచ్చింది, మన మజిలీ కూడా అక్కడిదే, కాబట్టి పరాయి మాట అని దూరం వెట్టే పనిలేదు. కాకపోతే బాసర దాటి నిజామాబాద్ పోతే మజలా అంటే ఏందని అడిగేటోళ్లు ఉంటరు.

ఫ్లోర్ అంతటా నడుస్తది. మన దేశంల బ్రిటిష్ లెక్క, గ్రౌండ్ మీదిదే ఫస్ట్, అమెరికాల మాత్రం నేల మీదిదే ఫస్ట్ ఫ్లోర్, అక్కడున్న పిల్లలతోని మాట్లాడేటప్పుడు యాదుంచుకోవాలె.

మేడ అందమైన మాటే గాని లెక్కకు పనికిరాదు, రెండు మేడలు అంటే రెండు బిల్డింగులు అయితయి.

నేనైతే ఎత్తుకు అంతస్తు అంట, జాడకు మరాఠోళ్లతోని మజలా, మిగతావాళ్లతోని ఫ్లోర్. అచ్చ తెలుగుల్నే చెప్పాలంటే "కింది ఇల్లు గాక దాని మీద రెండోది" అనుండ్రి, కొంచెం పొడుగైనా ఎవ్వరూ తప్పు మెట్లెక్కరు.