పాత వి-క్రాస్‌తో మారేడుమిల్లి నుంచి అరకు దాకా: బండికి ఎక్కడ బాగుంది, మాకెక్కడ బాగుంది

పాత బండితో ఏజెన్సీ తిరగాలంటే ముందు చూసుకోవలసింది రిసార్టుల ఫొటోలు కాదు. దారిలో మెకానిక్కులు ఎక్కడున్నారు, స్పేరు కావాలంటే ఎంతసేపట్లో చేతికొస్తుంది అన్నది చూసుకోవాలి. మాది 2017 మోడల్ ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ పికప్. మీటరు 2,40,000 కిలోమీటర్లు దాటింది. దాన్ని వేసుకుని నేనూ మా బావమరిదీ రాజమండ్రిలో బయలుదేరి రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు, మోతుగూడెం, సీలేరు, చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు, అనంతగిరి మీదుగా విశాఖపట్నం చేరాం. వానలు వెనకపట్టి చలి మొదలయ్యే రోజులు. ఏ చోటు బాగుంది, ఎక్కడ ఉండొచ్చు, ఎక్కడ డబ్బు దండగ అన్నది రాస్తున్నాను. నా తూకంలో సగం మా సుఖానికి, సగం బండి సుఖానికి.

బండి చరిత్ర కొంచెం చెప్పాలి. మా దగ్గరికి రాకముందు ఇది భీమవరం వైపు ఒక రొయ్యల చెరువుల ఆసామి దగ్గర ఉండేది. మేత బస్తాలు మోసింది, చెరువు గట్ల మీద తిరిగింది. ఇంజిన్ ఇంకా గట్టిగానే ఉంది. 2.5 లీటర్ల డీజిల్, 134 హార్స్‌పవర్, బీఎస్-4 కాబట్టి పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు తలనొప్పి లేదు. దీన్ని తినేసింది ఉప్పునీరు. ఛాసిస్ వెనక భాగం, బ్రేకు పైపులు, కమాన్ కట్టల (వెనక ఇనప పట్టీల స్ప్రింగులు) దగ్గరి బోల్టులు అన్నీ తుప్పే. తుప్పు గీకించి, మందు రాయించి, పైన రంగు కొట్టించి, బ్రేకు పైపులు కొత్తవి వేయించేసరికి అయిన బిల్లు చూసి మా ఆవిడ, "దీనికి పెళ్ళి చేస్తున్నారా ఏంటి?" అంది.

మిగతా పని మెకానిక్ చెప్పిన వరసలోనే చేయించాం. ముందు చల్లదనం: కూలంట్ మార్చి, రేడియేటర్ గొట్టాలు కొత్తవి వేసి, ఫ్యాన్ క్లచ్ పట్టు చూశాడు. తర్వాత బ్రేకులు: ముందు డిస్కుల ప్యాడ్లు, వెనక డ్రమ్ముల లైనింగ్, పాత బ్రేక్ ఆయిల్ పూర్తిగా తీసి కొత్తది. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమ పీల్చుకుంటుంది. అలాంటి ఆయిల్ ఘాట్‌లో వేడెక్కితే ఆవిరి బుడగలు వచ్చి పెడల్ మెత్తబడిపోతుంది. రాజమండ్రి ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ ఆ తేడా ఎవరికీ తెలియదు, అనంతగిరి దిగేటప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు చక్రాలకీ శక్తి పంచే పెట్టె), ముందూ వెనకా ఇరుసుల గేర్లుండే హౌసింగుల్లో ఆయిళ్ళు. చివరగా డీజిల్ ఫిల్టరు.

మార్పుల విషయానికొస్తే, చేసినవాటికంటే తీసేసినవే ఎక్కువ. పాత ఓనరు ముందు పెద్ద ఇనప బుల్ బార్ పెట్టించాడు. అలాంటివి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. చలానా సంగతి అటుంచితే, ఆ ఇనుము బరువంతా ముందు స్ప్రింగుల మీదే పడుతోంది. తీసి పాత ఇనుముకి అమ్మేశాం. బస్తాల కోసం వెనక కమాన్ కట్టల్లో అదనంగా వేయించిన పట్టీలు కూడా తీయించాం. వాటితో ఖాళీ బండి ప్రతి గతుకులోనూ గెంతేది. కొత్తగా పెట్టినవి నాలుగే: కంపెనీ సైజులోనే ఆల్ టెర్రైన్ టైర్లు, మంచి రకం షాకబ్జార్లు, ఇంజిన్ కింద ఇనప పలక, బ్యాటరీకి తగిలించే చిన్న గాలి కంప్రెసర్. టైరు సైజు పెంచితే మీటరు తప్పు చూపిస్తుంది, క్లచ్ మీద భారం పడుతుంది, ఇన్సూరెన్సు వాళ్ళకి సాకు దొరుకుతుంది. స్నార్కెల్ (ఇంజిన్‌కి గాలి పైనుంచి తెచ్చే గొట్టం), విన్చ్ (కూరుకుపోతే లాగే తాడు చుట్ట) వద్దనుకున్నాం. ఆ డబ్బు షాకబ్జార్లకి పెట్టాం.

మారేడుమిల్లి రాజమండ్రికి సుమారు 85 కిలోమీటర్లు. రోడ్డు బాగుంది, కార్లు కూడా హాయిగా వెళ్ళిపోతాయి. అందుకే సెలవు రోజుల్లో ఊరంతా బొంగు చికెన్ పొగ, హారన్ల మోత. బొంగులో చికెన్ తినాలంటే రోడ్డు పక్కన ముందే కాల్చి వరసగా నిలబెట్టిన దుకాణం దగ్గర ఆగకండి. మన ఎదురుగా మాంసం కలిపి బొంగులో కూరి నిప్పుల మీద పెట్టేచోట ఆగండి. అరగంట పైనే పడుతుంది, ఆ అరగంటకి తగ్గ రుచి ఉంటుంది. బసకి అటవీశాఖ ఆధ్వర్యంలో స్థానిక గిరిజన సమితులు నడిపే కాటేజీలు, ప్రైవేటు రిసార్టులు రెండూ ఉన్నాయి. నా ఓటు మొదటివాటికే. గదులు సాదా, టీవీ గట్రా ఆశించకూడదు, కానీ ఏటి చప్పుడు వినిపిస్తుంది, బండి నిలపడానికి కావలసినంత చోటు ఉంది. మా బండి దాదాపు 5.3 మీటర్ల పొడవు. రిసార్టుల్లో "కార్ పార్కింగ్ ఉంది సార్" అంటే చాలాచోట్ల హ్యాచ్‌బ్యాక్ పట్టే చోటని అర్థం.

గుడిసె కొండ మీది గడ్డి మైదానాల కోసమే చాలామంది ఇంత దూరం వస్తారు. చివర్లో ఘాట్ నిటారుగా, రాళ్ళతో ఉంటుంది. మారేడుమిల్లిలో జీపులు అద్దెకి దొరుకుతాయి, చెక్‌పోస్టు వేళలు, అనుమతుల సంగతి కూడా ఆ డ్రైవర్లకే బాగా తెలుసు. లో రేంజ్ (వేగం తగ్గించి లాగుడు పెంచే అదనపు గేరు) లేని బండి ఉన్నవాళ్ళు మారుమాట్లాడకుండా జీపు ఎక్కండి. మేం మా బండితోనే వెళ్ళాం. టైర్లలో గాలి 35 పీఎస్‌ఐ నుంచి 24కి దించి, 4ఎల్‌లో (నాలుగు చక్రాలకూ లో రేంజ్) పెట్టి, మొదటి గేరులో యాక్సిలరేటర్ పెద్దగా తొక్కకుండానే ఎక్కింది. దిగేటప్పుడు లో రేంజ్ విలువ ఇంకా బాగా తెలిసింది. బండిని ఇంజినే పట్టి ఉంచుతుంది, బ్రేకుల మీద కాలు పెట్టే పని తక్కువ. మా ముందు దిగిన జీపు దగ్గర కాలిన లైనింగ్ వాసన వస్తోంది. ఆ డ్రైవరు అలవాటుగా ఒక రాయి చక్రం కింద పెట్టి, బీడీ వెలిగించి, బ్రేకులు చల్లారేదాకా కూర్చున్నాడు. పైన తెల్లవారుజాము మబ్బులు బాగున్నాయి, జనం మాత్రం మరీ ఎక్కువ. ఎండ ఎక్కి జనం దిగిపోయాక ఆ గడ్డి మీద గాలి ఇంకా బాగుంటుంది.

మారేడుమిల్లి, చింతూరు మధ్య ఘాట్ ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన రోడ్డు. అడవి చిక్కన, మలుపులు బిగువు. పగలే వెళ్ళండి. అక్కడే బండి ఆగి బయలుదేరినప్పుడల్లా కింద నుంచి "డుక్కు, డుక్కు" అని దెబ్బ వినిపించడం మొదలైంది. చింతూరు చేరేసరికి కాళ్ళ కింద వణుకు కూడా తెలుస్తోంది. లారీలు చూసే ఒక మెకానిక్ కింద దూరి, గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకి శక్తి తీసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ పట్టుకుని ఊపి, బయటికి రాకుండానే చెప్పాడు: "సెంటర్ బేరింగ్ రబ్బరు చినిగిపోయింది సార్. బేరింగ్ బానే ఉంది. బొలెరోదైతే ఇప్పుడే వేసేద్దును."

ఈ బండి తయారైంది మన శ్రీసిటీలోనే. 2016 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యాక్టరీ అది. అయినా చింతూరులో దొరికేది బొలెరో సామానే, ఇసుజుది కాదు. లాగే డీజిల్ బండి కొనేటప్పుడు ఎవరూ ఆలోచించని లెక్క ఇది. ఏజెన్సీలో ఎక్కువగా తిరగదలచినవాళ్ళకి పాత బొలెరో క్యాంపరే మేలని మా బావమరిది అక్కడే తేల్చేశాడు, నేను గట్టిగా కాదనలేకపోయాను. క్యాంపర్‌లో వెనక సీటు నడుము విరగ్గొడుతుంది, ఘాట్‌లో లాగుడు వి-క్రాస్‌కి సాటిరాదు. కానీ స్పేరు ప్రతి మండలం సెంటర్లోనూ ఉంటుంది.

మెకానిక్ లారీ టైరు ముక్క కోసి, చెక్కి, బేరింగ్ చుట్టూ కూరి, వైరుతో బిగించాడు. "నెమ్మదిగా వెళ్తే నాలుగొందల కిలోమీటర్లు ఢోకా లేదండి, గెంతించకండి" అన్నాడు. అడిగిన డబ్బు ఎంత తక్కువంటే మేమే కొంచెం ఎక్కువిచ్చాం. విశాఖలో తెలిసినవాళ్ళకి ఫోను చేసి కొత్త బేరింగ్ అసెంబ్లీ కొనిపించి, ఆర్టీసీ పార్సిల్‌లో పాడేరు పంపమన్నాం. వెనక్కి వెళ్ళిపోదామా అని కాసేపు తర్జనభర్జన పడ్డాం. దెబ్బ తగ్గింది, వణుకు పోయింది, సీలేరు దారి పట్టాం.

మోతుగూడెం, డొంకరాయి, సీలేరు దారిలో వాహనాలు తక్కువ. ఎదురుపడేది విద్యుత్ కేంద్రాల సిబ్బంది బండ్లు, పల్లె ఆటోలు, అప్పుడప్పుడూ బస్సు. ఈ లోయ నీటితోనే దిగువ సీలేరు 460 మెగావాట్లు, ఎగువ సీలేరు 240, డొంకరాయి 25 మెగావాట్ల కేంద్రాలు నడుస్తాయి. డొంకరాయి జలాశయం పక్కన ఆగి టీ తాగడం ఈ ప్రయాణంలో నాకు దొరికిన అసలు సుఖం. టూరిస్టు హంగులేమీ లేవు, అందుకే బాగుంది. మేం వెళ్ళినప్పుడు రోడ్డు చాలాచోట్ల తారు లేచిపోయి కంకర తేలి ఉంది. ఖర్చు పెట్టి కొన్న షాకబ్జార్లు ఇక్కడ పనికొచ్చాయి. బురద కనిపించినచోట 4హెచ్‌లో (మామూలు గేర్లతోనే నాలుగు చక్రాలూ) పెట్టి, మళ్ళీ తారు రాగానే 2హెచ్‌కి (వెనక రెండు చక్రాలే) మార్చేవాణ్ణి. ఈ రకం ఫోర్ వీల్ డ్రైవ్‌కి ముందు, వెనక చక్రాల వేగం తేడాని సర్దే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. పొడి తారు మీద అలాగే ఉంచితే మలుపుల్లో షాఫ్టులు బిగుసుకుపోతాయి, అసలే మాది కట్టు కట్టిన షాఫ్టు. ట్యాంకు 76 లీటర్లు పడుతుంది కాబట్టి డీజిల్ టెన్షన్ లేదు, చిన్న ట్యాంకు వాళ్ళు ముందే నింపుకోండి. బస ఆశించి ఈ దారిలోకి రావద్దు. పొద్దున్నే బయలుదేరి చింతపల్లి వైపు ఎక్కెయ్యండి.

లంబసింగి దగ్గర మాత్రం డబ్బు దండగైంది. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, మంచు, తెల్లవారుజామున పళ్ళు కొట్టుకునే చలి, అవన్నీ నిజమే. కానీ మేం దిగిన టెంట్ల చోట, పేరెందుకు గాని, అర్ధరాత్రి దాకా డీజే. వేడినీళ్ళకి విడిగా డబ్బు. పార్కింగ్ అంటే దున్నిన పొలం. పొద్దున్నే మంచుకి తడిసిన మట్టిలో రెండు కార్లు కూరుకుపోతే మా బండికి తాడు కట్టి లాగాం, అదొక్కటే అక్కడ సరదా. అదే చలిలో బ్యాటరీ సంగతీ బయటపడింది. తాళం తిప్పితే స్టార్టరు మూలిగింది. గ్లో ప్లగ్ (చలిలో డీజిల్ ఇంజిన్‌ని ముందే వేడెక్కించేది) దీపం ఆరేదాకా ఆగి, మళ్ళీ వేడెక్కించి, మూడోసారికి అందుకుంది. మైదానంలో ఇంకో ఏడాది లాగించే బ్యాటరీ అది. చలి ఊళ్ళకి వెళ్ళేముందు బ్యాటరీ షాపులో లోడ్ టెస్టు చేయించుకోండి. లంబసింగిలో రాత్రి ఉండితీరాలంటే గోడలున్న గది తీసుకోండి. లేదా చింతపల్లిలో పడుకుని తెల్లవారకముందే బయలుదేరండి, దగ్గరే.

పాడేరు బస్టాండులో మా పార్సిల్ చెప్పిన పూటకే వచ్చి ఉంది. ఈ ప్రయాణంలో వాడుకున్న సేవలన్నిటికీ మార్కులు వెయ్యమంటే మొదటి ర్యాంకు ఆర్టీసీ పార్సిల్‌దే. అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం అయ్యాక పాడేరులో షాపులు, గదులు, మెకానిక్కులు పెరిగినట్టున్నాయి. షాఫ్ట్ దింపే ముందు కప్లింగుల మీద సున్నంతో గుర్తులు పెట్టమని మా మెకానిక్ ఫోనులో మరీ మరీ చెప్పాడు. గుర్తులు తప్పి బిగిస్తే కొత్త బేరింగ్ వేసినా వణుకు పోదట. పాడేరు కుర్రాడు ఆ మాట చెప్పకముందే గుర్తులు పెట్టేశాడు. మధ్యాహ్నానికి పని పూర్తి. గది మామూలు లాడ్జిలో తీసుకున్నాం: శుభ్రం, గీజరు, గేటు లోపల పార్కింగ్. ఇంకేం కావాలి?

వంజంగి పాడేరుకి దగ్గరే. మబ్బుల సముద్రం నిజంగానే కనిపిస్తుంది, ఆ రోజు గాలి, తేమ కలిసిరావాలి. చివర నడవాల్సిందే కాబట్టి ఫోర్ వీల్ డ్రైవ్ గొప్పలేమీ అక్కర్లేదు. గుడిసె, వంజంగిల్లో ఒక్కటే చూసే వీలుంటే, బండి నడపడం ఇష్టమైనవాళ్ళు గుడిసెకి, పిల్లలతో వచ్చేవాళ్ళు వంజంగికి వెళ్ళండి.

అరకు గురించి కొత్తగా చెప్పేదేముంది. మ్యూజియం, కాఫీ, జనం. ఊరికి కాస్త బయట ఒక గిరిజన కుటుంబం ఇంటి వెనక కట్టిన రెండు గదుల్లో ఉన్నాం. రాగి జావ, నాటుకోడి కూర, పెద్ద పెరడు. గదుల కోసం ఊరి మధ్య వెతక్కండి. శని, ఆదివారాల్లో అక్కడ పికప్ తిప్పుకోవడం కూడా కష్టం.

అనంతగిరి ఘాట్ రెండు, మూడు గేర్లలోనే దిగాం. కింద శృంగవరపుకోటలో ఆగి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉన్నాయంతే, కాలలేదు. విశాఖ ఆటోనగర్‌లో బండిని ర్యాంపు ఎక్కించి కింద కడిగించాం. వెనక హౌసింగ్ ముందు సీలు దగ్గర ఆయిల్ చెమ్మ కనిపించింది. కమాన్ కట్టల బుష్‌లు ఒకవైపు అరిగాయి. సీలు అక్కడే మార్పించాం. బుష్‌లు రాజమండ్రి వెళ్ళాక వేయిద్దామని రాసుకున్నాం. బ్యాటరీ కొత్తది వేసుకుని తుని మీదుగా హైవే పట్టాం.