చిలుక కాలు విరిగితే కట్టు, మోకాలు తప్పితే పిన్నులు

"చిన్న పిట్టే కదా, కట్టు కడితే అదే అతుక్కుంటుంది" అనే మాటలో సగమే నిజం. దెబ్బ ఎక్కడ తగిలిందో తేలనిదే కట్టు మేలో, శస్త్రచికిత్స మేలో చెప్పలేం.

చిలుక కాలిలో వెనక్కి వంగినట్టు బయటికి కనిపించేది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పొట్ట పక్కన ఈకల మాటున ఉంటుంది. ఈ రెండింటి నడిమి ఎముక విరిగిందనుకోండి. పక్షి 30-40 గ్రాముల బడ్జీ, 100 గ్రాముల లోపు కాకటీల్ లాంటి చిన్న రకం చిలుక అయితే నా మొగ్గు కట్టు వైపే. కాలికి రెండు పక్కలా టేపు అంటించి నొక్కితే చాలు, దాదాపు మూడు వారాల్లో ఎముక అతుక్కుంటుంది. మత్తులో ఉంచే సమయమూ తక్కువే.

మోకాలి కీలు తప్పితే మాత్రం కట్టును నమ్ముకోవద్దు. కీలు కదలకూడదంటే దాని పైభాగాన్నీ బిగించాలి. చిలుక తొడ ఒంటికి అతుక్కుని ఉంటుంది కాబట్టి అక్కడ కట్టు నిలవదు. కిందికి జారి, తప్పిన కీలునే తన బరువుతో ఇంకా లాగుతుంది. పైగా చిలుక ముక్కు ఊరుకోదు, కొరికి పారేస్తుంది. 400-500 గ్రాముల ఆఫ్రికన్ గ్రే, కిలో బరువుండే మకావ్ లాంటి పెద్ద రకం చిలుకలకు శస్త్రచికిత్సే దారి. మోకాలికి పైనా కిందా ఎముకల్లోకి సన్నని పిన్నులు దింపి, వాటిని బయట ఒక కడ్డీతో కలుపుతారు. తర్వాత మోకాలు బిగుసుకుపోవచ్చు. అయినా నొప్పి లేని బిగుసు కాలు, ఊగిసలాడే కాలి కంటే ఎంతో నయం. బరువంతా మంచి కాలి మీదే మోపితే ఆ అరికాలు పుండు పడుతుంది. పెద్ద చిలుకల్లో కాలు తీసేయడాన్ని ఆఖరి మార్గంగా చూడటానికీ కారణం ఇదే.

శస్త్రచికిత్సకు ముప్పు లేకపోలేదు. పక్షి ఎముక గోడ పలుచన, పిన్ను దిగేటప్పుడే చిట్లవచ్చు. మత్తులో ఒళ్లు చల్లబడుతుంది. అందుకే పక్షులకు ఆపరేషన్లు చేసిన అనుభవం ఉన్న పశువైద్యుడినే వెతకండి.

మన రామచిలుకను ఇంట్లో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. ఆ భయంతో గాయపడిన పక్షిని దాచి ఉంచడం మరీ అన్యాయం. అటవీ శాఖకు అప్పగించండి.

వైద్యుడి దగ్గరికి చేరేదాకా పంజరంలో కొమ్మలు తీసేసి, అడుగున మెత్తని గుడ్డ పరచండి. మన నొప్పి మాత్రలు మాత్రం వేయవద్దు.